అరువు ఏడుపు

మన కౌన్సిలర్‌గారికి ఆసుపత్రిలో అందరూ కలిసి పెట్టిన పేరు కొయ్య. మొహం మీద ఎవరూ అనరు, మర్యాదస్తులు. ఆయన వరండాలో నడిచి వెళుతుంటే మాత్రం నర్సులు బల్ల మీద టకటకమని వేళ్ళతో కొట్టి నవ్వుకునేవాళ్ళు. ఆ చప్పుడు ఎందుకో ఆయనకి తెలుసు. తెలిసినా ఏమీ అనిపించేది కాదు. అసలు జబ్బు అదే కదా.

మనసు బాగోలేనివాళ్ళు వచ్చి చెప్పుకునే ఆసుపత్రి అది. ఆయన గదిలో ఎదురెదురుగా రెండు కుర్చీలు, మధ్యన ఒక బల్ల, దాని మీద టిష్యూల డబ్బా, మూలన ఒక పూలకుండీ. ఆ కుండీలో మొక్కకి రోజూ తనే నీళ్ళు పోసేవాడు. అది ప్లాస్టిక్‌దని ఆయనకి తప్ప ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

చదువులో వంక పెట్టడానికి లేదు. ఏ జబ్బుకి ఏ మాట చెప్పాలో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఎదుటి మనిషి గుండెలు బాదుకుని ఏడుస్తుంటే మాత్రం టిష్యూల డబ్బా అంగుళం ముందుకి జరిపేవాడు. ఇంకా ఏడిస్తే ఇంకో అంగుళం. అంతకు మించి ఆయన దగ్గర వైద్యం లేదు. "ఈయనకి చెప్పుకోవడం కంటే గోడకి చెప్పుకోవడం నయం, కనీసం దాని మీది బల్లి అయినా పలుకుతుంది" అని ఒక పెద్దమనిషి పోతూ పోతూ గుమ్మంలో నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు.

అంతదాకా ఎందుకు, కన్నతల్లి పోయిననాడు కూడా ఆయన కంట్లోంచి చుక్క రాలలేదు. వచ్చినవాళ్ళకి అద్దె కుర్చీలు తెప్పించాడు, మంచినీళ్ళు ఇచ్చాడు, ఎండ పడుతోందని ముసలివాళ్ళ కుర్చీలు నీడలోకి జరిపాడు. "ఎంత నిబ్బరమో" అన్నారు బంధువులు. "నిబ్బరమూ కాదు, నీ మొహమూ కాదు, రాయి" అంది సొంత చెల్లెలు. ఆయన కూడా గదిలోకి వెళ్ళి అద్దం ముందు నిలబడి, ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఎదురు చూశాడు. రాని బస్సు కోసం స్టాపులో నిలబడ్డట్టే అయింది. మొహం కడుక్కుని బయటికి వచ్చి, ఇంకా నిలబడే ఉన్నవాళ్ళకి కుర్చీలు వేశాడు.

చివరికి పెద్దడాక్టరమ్మ పిలిపించింది. "మీ చేతిలో బాగుపడటం లేదని నేననను. బాగుపడి కూడా మిమ్మల్ని తిట్టుకుంటూ పోతున్నారు, అదీ నా బాధ. రేపు శ్వాసగురువుగారు వస్తున్నారు. సిబ్బంది అందరికీ శిక్షణ. మీరు ముందు వరసలో కూర్చోండి" అంది.

శ్వాసగురువుగారు వచ్చారు. చెవికి మైకు, కాళ్ళకి తెల్లటి మేజోళ్ళు, మాటకీ మాటకీ మధ్య ఒక బస్సు వచ్చి వెళ్ళేంత విరామం. మీటింగు హాల్లో చాపలు పరిపించి, పొద్దుటిపూట మొదటి పాఠం చెప్పారు. "పక్కవాళ్ళ బాధని... పొగ అనుకోండి. ఆ పొగని... ఊపిరితో లోపలికి తీసుకోండి. ముక్కు... గొంతు... గుండె. అక్కడ... దానికి చోటివ్వండి." తక్కినవాళ్ళు ఒక కన్ను తెరిచి పక్కవాళ్ళేం చేస్తున్నారో చూసుకున్నారు. మన కౌన్సిలరు చిన్నప్పటి నుంచీ క్లాసులో ఫస్టు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. పక్క చాప మీది నర్సుకి ఏళ్ళ తరబడి ఉన్న నడుంనొప్పి ఠక్కున మాయమైంది. ఆయన నడుం పట్టేసింది. చాప మీద కూర్చోవడం అలవాటు లేక అనుకున్నాడు.

రెండో పాఠం మధ్యాహ్నం. తీసుకున్నదాన్ని బయటికి వదలడం ఎలాగో అప్పుడు చెబుతారు. అయితే భోజనం దివ్యంగా ఉంది, ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది, పైగా గురువుగారు కళ్ళు మూసుకోమన్నారు. ఆయన మూసుకున్నాడు. తెరిచేసరికి చాపలు చుట్టేస్తున్నారు. గురువుగారు వచ్చి భుజం తట్టి, "మీ అంత లోతుకి... ఎవరూ వెళ్ళలేదు" అన్నారు. నిద్రపోయానండీ అని చెప్పడానికి ఎంత గుండె ధైర్యం కావాలి! ఆయన నమస్కారం పెట్టి ఊరుకున్నాడు.

అలా సగం విద్యతో మన కౌన్సిలరు తన కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. సగం వంట వచ్చినవాడు పొయ్యి వెలిగించగలడు, ఆర్పలేడు.

మొదట వచ్చినవాడు బీమా కంపెనీ గుమాస్తా. ఆఫీసు పదకొండో అంతస్తులో, మనిషికేమో లిఫ్టంటే వణుకు. రోజూ మెట్లెక్కి పైకి చేరేసరికి చొక్కా పిండితే బకెట్టు నిండేది. "తలుపులు మూసుకోగానే నా పని అయిపోయిందనిపిస్తుందండీ, గాలి..." అంటూ ఉండగా, కౌన్సిలరు పాఠం గుర్తు తెచ్చుకుని నిండుగా ఊపిరి పీల్చాడు. గుమాస్తా మాట మధ్యలో ఆగిపోయాడు. "నేనేం చెబుతున్నాను?" అన్నాడు. లేచి బయటికి వెళ్ళాడు, లిఫ్టు ఎక్కాడు, సాయంత్రం దాకా దిగలేదు. పైకీ కిందికీ తిరుగుతూ, ప్రతి అంతస్తులోనూ తలుపు తెరుచుకోగానే ఎదురుగా ఉన్నవాళ్ళకి చెయ్యూపాడు.

కౌన్సిలరు ఇంటికి పోదామని అదే లిఫ్టు ముందు నిలబడ్డాడు. తలుపు తెరుచుకుంది. ఆయన మోకాళ్ళు టకటకా కొట్టుకున్నాయి. మెట్ల మీంచి దిగిపోయాడు.

ఆ తరవాత, అరచేతులు అరిగేలా చేతులు కడుక్కునే అమ్మాయి వచ్చి పొడి చేతులతో వెళ్ళిపోయింది. పావురాలు తన గురించే చెప్పుకుంటున్నాయని నమ్మే రిటైర్డు హెడ్‌మాస్టరు వచ్చి, ఆసుపత్రి పెరట్లో వాటికి గింజలు వేస్తూ కూర్చున్నాడు. పేషెంట్ల వరస మెట్ల దాకా సాగింది. నర్సులు బల్ల కొట్టడం మానేశారు. పెద్దడాక్టరమ్మ ఆయన ఫోటో పెద్దది చేయించి ద్వారం దగ్గర తగిలించింది. గుమాస్తాకైతే లిఫ్టు మీద మోజు ఎంతకీ తీరక, తీరిక దొరికినప్పుడల్లా ఆసుపత్రికి వచ్చి నాలుగు చక్కర్లు కొట్టి పోతున్నాడు.

ఇంట్లో సంగతి వేరు. కౌన్సిలరు భార్య డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. రోజంతా పక్క సీట్లో కూర్చుని "బ్రేకు, బ్రేకు" అని అరిచి అరిచి ఆవిడ గొంతు బొంగురుపోయింది, అన్నం తింటున్నా కుడికాలు నేలని తొక్కుతూనే ఉంటుంది. ఒక పొద్దున ఆవిడ లేచేసరికి మొగుడు చేతులు కడుక్కుంటున్నాడు. కాఫీ కలిపి తెచ్చేసరికీ కడుక్కుంటూనే ఉన్నాడు. కాఫీ తాగి, బాల్కనీలోకి వెళ్ళి, చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"ఏమంటున్నాయి పావురాలు?" అంది ఆవిడ.

"నా బట్టతల గురించి" అన్నాడాయన, మొహం మాడ్చుకుని.

"ఇన్నాళ్ళకి వాటికి కనబడిందా? ఏవండీ, ఊళ్ళో ఉన్న పిచ్చంతా మనింటికి చేర్చారు. నా పిచ్చి పెట్టుకోడానికి చోటేదీ?"

ఆయన మళ్ళీ చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు. అసలు సంగతి చెప్పాలంటే సిగ్గేసింది. లిఫ్టు ముందు మోకాళ్ళు వణికినప్పుడు ఆయనకి లోలోపల సంబరంగా ఉంది. భయమైతేనేం, ఏదో ఒకటి అనిపిస్తోంది కదా! ఇన్నేళ్ళుగా ఖాళీగా పడున్న ఇంట్లోకి దొంగలు దూరినా, మనుషుల అలికిడి అలికిడే.

అలాంటి రోజుల్లో కళ్ళజోళ్ళావిడ వచ్చింది. పెద్ద వయసేం కాదు. కళ్ళద్దాల నిండా దుమ్ము, వేలిముద్రలు. ఆ అద్దాల్లోంచి తలుపెక్కడుందో కూడా సరిగ్గా కనబడక, కుర్చీ తడుముకుని కూర్చుంది.

"మా ఆయనకి కళ్ళజోళ్ళ షాపుండేది" అంది. "పొద్దున్నే నా జోడు తీసుకుని, హా అని ఊపిరి ఊది, చొక్కా అంచుతో తుడిచి, వెలుతురుకి పెట్టి చూసి, నా ముక్కు మీద ఆయనే పెట్టేవారు. 'ఇప్పుడు చూడు, లోకం ఎంత బాగుందో' అనేవారు. 'అంతా మామూలుగానే ఉందండీ' అనేదాన్ని నేను. రోజూ అదే మాట. పోయిన రోజు పొద్దున కూడా తుడిచిచ్చారు. అందుకే మళ్ళీ తుడవలేదు. ఆయన ఊదిన ఊపిరి దీని మీద ఏ మూలో కాస్త ఉండే ఉంటుంది కదా అని..."

ఆవిడ ఏడ్చేసింది. కౌన్సిలరు డబ్బా అంగుళం జరిపి, ఊపిరి పీల్చాడు.

ఆవిడ ఏడుపు కొళాయి కట్టినట్టు ఆగింది. కళ్ళజోడు తీసి చూసి, "ఛీ ఛీ, ఎంత మురికి పట్టిందో!" అంది. డబ్బాలోంచి టిష్యూ లాగి శుభ్రంగా తుడిచి పెట్టుకుంది. కింద క్యాంటీను తెరిచి ఉంటుందా అని అడిగి, చకచకా వెళ్ళిపోయింది.

మర్నాడు టిఫిను బల్ల దగ్గర భార్య తన నల్లద్దాలు తీసి పక్కన పెట్టింది. వాటిని చూడగానే కౌన్సిలరు భోరుమన్నాడు. ఆవిడ కంగారుగా నేలని తొక్కింది.

"ఏంటండీ, ఏమైంది?"

"ఆయన లేడు."

"ఎవరు?"

"కళ్ళజోళ్ళాయన."

"మనకేమవుతాడు?"

"ఏమీ కాడు. కాని లేడు" అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే అద్దం దగ్గరికి పరిగెత్తి చూసుకున్నాడు. ముక్కు ఎర్రబడింది, చెంపలు తడిసిపోయాయి. బస్సు వచ్చింది! ఎవరిదైతేనేం, వచ్చింది. ఆ రోజు నుంచీ ఆసుపత్రికి చుట్టుదారిన వెళ్ళి, మూసి ఉన్న కళ్ళజోళ్ళ షాపు ముందు కాసేపు నిలబడి, కరువుతీరా ఏడ్చి వెళ్ళేవాడు. బతికుండగా ఒక్కసారి కూడా చూడని మనిషి ఆయనకి ప్రాణమైపోయాడు.

వారం తిరక్కుండానే ఆవిడ మళ్ళీ వచ్చింది. కళ్ళద్దాలు తళతళలాడుతున్నాయి. కుర్చీలో కూర్చోకుండా నిలబడే అడిగింది.

"నా ఏడుపు నాకిచ్చెయ్యండి."

"ఇప్పుడు హాయిగా ఉన్నారు కదమ్మా" అన్నాడు కౌన్సిలరు.

"హాయిగానే ఉన్నాను. గోడ మీద ఆయన ఫోటో చూస్తే, ఎవరో పెద్దమనిషి, మంచివాడిలా ఉన్నాడే అనిపిస్తోంది. నిన్న మా అమ్మాయి వాళ్ళ నాన్న చొక్కా పట్టుకుని ఏడుస్తుంటే, 'ఊరుకోమ్మా, పోయినవాళ్ళు తిరిగొస్తారా' అన్నానండీ నేను, పక్కింటావిడలాగా. అది నా మొహంలోకి చూసి, లేచి, బ్యాగు సర్దుకుంటోంది. ఈ ఇంట్లో నాన్న కోసం ఏడ్చేది తను ఒక్కతే అయితే, హాస్టలుకి పోయి ఏడుస్తానంటోంది. ఆదివారం వెళ్ళిపోతుంది. నాకు ఆ మాటకి కూడా బాధ వెయ్యలేదు. బాధ వెయ్యలేదే అని భయం వేసింది, అంతే." ఆవిడ బల్ల మీద రెండు చేతులూ ఆనించింది. "ఆయన నాకు రెండుసార్లు పోయారు. మొదటిసారి దేవుడు తీసుకుపోయాడు. రెండోసారి మీరు."

కౌన్సిలరు ఆవిడని రేపు రమ్మని పంపించి, శ్వాసగురువుగారికి వీడియో ఫోను చేశాడు. గురువుగారు ఎత్తారు కాని, మౌనవ్రతమని సైగ చేశారు. అంతా విని, చిరునవ్వు నవ్వి, కళ్ళు మూసుకున్నారు. ఎంతసేపటికీ తెరవలేదు. కాసేపటికి గురక వినిపించింది. లోతుకి వెళ్ళారు కాబోలు.

పెద్దడాక్టరమ్మ అయితే ఇంతెత్తున లేచింది. "బాగుపడ్డ మనిషిని మళ్ళీ ఏడిపిస్తారా? ద్వారం దగ్గర మీ ఫోటో కింద ఏమని రాయించమంటారు, తిరిగి ఏడిపించబడును అనా?"

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ పూర్తిగా విని, "వదలడం రాక కాదు, మీకు వదలబుద్ధి కావటం లేదు" అంది.

"అదేం మాట!"

"ఉన్న మాట. అత్తయ్య పోతే ఏడవని మనిషి, ముక్కూమొహం తెలీనాయన కోసం ఇంతింత ఏడుస్తుంటే నాకు అర్థం కాదా? పాపం, ఇన్నాళ్ళకి ఏడుస్తున్నాడులే అని నేనూ ఊరుకున్నాను. కాని అది ఆవిడదండీ. నా కారులో నా కాలి కింద కూడా ఒక బ్రేకుంటుంది, స్టీరింగు మాత్రం వాళ్ళ చేతిలోనే వదిలేస్తాను. గుండె నోట్లోకి వచ్చినా సరే. లాక్కున్నాననుకోండి, కారు భద్రంగా ఇంటికొస్తుంది, వాళ్ళకి మాత్రం డ్రైవింగు జన్మలో రాదు."

ఆయనకి కోపం వచ్చింది. ఆ కోపం తనదో, పేషెంట్లలో ఎవరిదో తేల్చుకోలేక దాన్నీ దిగమింగాడు. వదిలేస్తే మళ్ళీ కొయ్యే. మళ్ళీ ఆ టకటకలే.

మర్నాడు ఆవిడ వచ్చింది. ఆయన తలుపు మూసి, ఎదురుగా కూర్చుని, దాచకుండా చెప్పేశాడు. "మధ్యాహ్నం పాఠంలో నిద్రపోయానమ్మా. తీసుకోవడమే తెలుసు. అదీకాక, మీ ఏడుపు... నాకు చాలా బాగుంది. ఇవ్వాలంటే మనసు రావటం లేదు."

ఆవిడ కోప్పడలేదు. "బాగుంటుందని నాకు తెలుసండీ. ఎంత మంచివాడి కోసం ఏడుపు అది!" అంది.

ఆ మాటతో ఆయన ఇక తాత్సారం చెయ్యలేకపోయాడు. ఊపిరి బిగబట్టి, ఉఫ్ అని వదిలాడు. ఏమీ కాలేదు. బుగ్గలు పూరించి ఊదాడు. దగ్గు వచ్చింది. కళ్ళు మూసుకుని ముక్కుతో వదిలాడు. "సైకిలు ట్యూబులో గాలి తీసినట్టుంది" అంది ఆవిడ. "పోనీ, ఆయనెలా ఊదేవారో నేను చేసి చూపిద్దామంటే... గుర్తే కాని, చెయ్యి తిరగటం లేదు."

కౌన్సిలరు చెయ్యి చాపాడు. "మీ జోడు ఇలా ఇవ్వండి."

ఆవిడ ఇచ్చింది. ఆయన చేతులు ఆ పని ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నట్టే చేశాయి. జోడుని నోటి దగ్గర పెట్టుకుని, హా, అన్నాడు. అద్దం తెల్లబడింది. ఇంకా వదిలాడు. ఒక మనిషి ఊపిరితిత్తుల్లో పట్టేంత గాలి కాదది. కిటికీ అద్దాలు మసకబారాయి, బల్ల తడిసింది, ప్లాస్టిక్ మొక్క ఆకులు ఊగాయి. అంతా వదిలాక, చొక్కా అంచుతో కళ్ళజోడు తుడిచి, వెలుతురుకి పెట్టి చూసి, ఆవిడ ముక్కు మీద పెట్టాడు.

"ఇప్పుడు చూడండి" అన్నాడు.

ఆవిడ గదంతా ఒకసారి చూసింది. "అంతా మామూలుగానే..." అంది. ఆ మాట పూర్తి కాలేదు. నోరు వంకర పోయింది, గడ్డం వణికింది, బల్ల మీద తల పెట్టుకుని ఎలుగెత్తి ఏడ్చింది. కాస్త తెరిపి ఇచ్చాక ఫోను తీసి, "అమ్మలూ, వెళ్ళకే. నాన్న చొక్కా నాక్కూడా కావాలే" అంది. అవతలి వైపు కూడా ఏడుపే. ఇద్దరూ ఏడుస్తూ ఫోనులో ఏం మాట్లాడుకున్నారో వాళ్ళకే తెలియాలి.

ఈలోగా బయట గోల మొదలైంది. పీల్చినవన్నీ ఒక్క ఊపులో బయటపడ్డాయి మరి, ఎవరివి వాళ్ళని వెతుక్కుంటూ పోయాయి. రెండంతస్తుల మధ్య లిఫ్టులోంచి గుమాస్తా కేక పెట్టాడు. పెరట్లో హెడ్‌మాస్టరు, "నా గింజలు తిని నా గురించే!" అని పావురాల మీద విరుచుకుపడ్డాడు. చేతులు కడుక్కునే అమ్మాయి బయటి నుంచి వచ్చి గబగబా కొళాయి దగ్గరికి నడిచింది. పెద్దడాక్టరమ్మ లిఫ్టు తలుపు మీద బాదుతూ "గాలి పీల్చండి! కంగారు పడకుండా గాలి పీల్చండి!" అని అందరికంటే ఎక్కువ కంగారు పడుతోంది. వీళ్ళందరితో రేపటి నుంచి మళ్ళీ మొదటి నుంచీ, మామూలుగా, మాటా మాటా కూర్చుకుంటూ రావాల్సిందే. ఎన్నాళ్ళు పడుతుందో ఎవరికి తెలుసు!

కౌన్సిలరు కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. కొయ్యబారడం కోసం ఎదురు చూస్తున్నాడు. మోకాళ్ళు వణకటం లేదు. చేతులు కడుక్కోవాలని లేదు. కళ్ళజోళ్ళాయన ఎవరో పరాయి మనిషి అయిపోయాడు. అంతా ఖాళీ.

ఆవిడ కళ్ళు తుడుచుకుని తలెత్తి, ఆయన మొహం వైపు చూసింది.

"ఏవండీ, నాది ఇంకా కొంచెం మీ దగ్గరే ఉండిపోయినట్టుంది" అంది.

ఆయన చెంప తడుముకున్నాడు. వేళ్ళు తడిశాయి. ఎవరిదా అని లోపల వెతుక్కున్నాడు. గుమాస్తాది కాదు. హెడ్‌మాస్టరుది కాదు.

"లేదమ్మా, ఇది మీది కాదు" అన్నాడు. "మా అమ్మకో కుర్చీ ఉండేది. పోయిన రోజు వచ్చినవాళ్ళకి చాలక, దాన్నీ తెచ్చి బయట వేశాను. సాయంత్రం అద్దె కుర్చీలన్నీ మడిచి వెనక్కి పంపిస్తూ, దాన్ని కూడా మడిచి పంపేశాను. వ్యాను కదిలాక చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. కుర్చీయే కదా అని..."

ఆవిడ టిష్యూల డబ్బా ఆయన వైపు అంగుళం జరిపింది. అది చాలదనిపించినట్టుంది, లేచి, తన కుర్చీ ఎత్తి తెచ్చి ఆయన పక్కన వేసుకుని కూర్చుంది.

"ఎలా ఉండేది ఆ కుర్చీ?" అంది.